అరవై కుంకుమ భరిణెలు, రాని మూతలు: మా లేత్ షెడ్డు నుంచి ఒక కేస్ స్టడీ

ఫిబ్రవరి రెండో వారంలో హైదరాబాద్ నుంచి, కుంకుమ భరిణెలు ఆర్డర్ ఇచ్చిన అక్క దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "తమ్ముడూ, ఏమీ అనుకోకు, నువ్వు చేసిచ్చిన భరిణెల మూతలు రావట్లేదు. నిన్న మా అత్తగారు చాకు పెట్టి తీయబోయి వేలు కోసుకున్నారు" అని. నాకు ఒక్క నిమిషం నోట మాట రాలేదు. అక్టోబర్లో నా చేత్తో ప్యాక్ చేసి పంపినవి అవి, ఒక్కో మూతా తీసి పెట్టి చూసి మరీ పంపాను. "అక్కా, అన్నీ వెనక్కి తెప్పించగలరా, డబ్బులు నేను పెట్టుకుంటా, ఏమైందో చూడాలి" అన్నాను. పంచిపెట్టిన అరవైలో ఆవిడ నలభై మూడు పోగు చేయగలిగారు. ఆ నలభై మూడు భరిణెల కథే ఇది. లేత్ మీద, అంటే కర్రని గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం మీద, మూత ఉన్న వస్తువు చేసే ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురౌతుంది కాబట్టి కొలతలతో సహా మొత్తం రాస్తున్నా.

మా షెడ్డు యలమంచిలి దగ్గర. ఒక హార్స్‌పవర్ మోటార్ లేత్, కర్రని పట్టి ఉంచే నాలుగు దవడల చక్, నాతో పాటు ఇంకో కుర్రాడు, అంతే. పని నేర్చుకుంది మాత్రం ఏటికొప్పాకలో, వరాహ నది ఒడ్డున, నలభై ఏళ్ళుగా లక్క పని చేస్తున్న ఒక పెద్దాయన దగ్గర. ఆయన్ని గురువుగారనే పిలుస్తాను. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, 2023లో సహజ రంగుల కోసం ఏళ్ళ తరబడి పనిచేసిన సి.వి. రాజు గారికి పద్మశ్రీ వచ్చింది, అప్పట్నుంచి మాలాంటి చిన్న షెడ్లకి కూడా "కెమికల్ రంగులొద్దు, పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలతో చేసినవే కావాలి" అని ఆర్డర్లు వస్తున్నాయి. ఇదీ అలా వచ్చిందే. ఆ అక్క వాళ్ళ మామగారి షష్టిపూర్తి అక్టోబర్లో, అరవై ఏళ్ళకి అరవై కుంకుమ భరిణెలు, వచ్చిన ముత్తైదువలకి ఇవ్వడానికి. ఒక్కోటి 180 రూపాయలు.

ఆర్డర్ వచ్చింది ఆషాఢం చివర్లో. కర్ర కొన్నది శ్రావణంలో, వానల్లో. తప్పు అక్కడే మొదలైంది, లేత్ ఇంకా ఆన్ కూడా చేయకముందే.

మేం వాడేది అంకుడు కర్ర. తెల్లగా, సన్నటి పోగుతో, వెన్న కోసినట్టు ఉలి కింద తెగుతుంది, లక్క బాగా పడుతుంది. కర్ణాటకలో చన్నపట్న బొమ్మలు చేసేదీ ఈ చెట్టుతోనే, పేరే వేరు. కొండపల్లి, నిర్మల్ వాళ్ళు వాడే పొణికి ఇంకా తేలిక, కానీ అది చెక్కుడు పనికి బాగుంటుంది గానీ తిప్పుడు పనికి ఇదే మేలు. అంకుడు కొడితే పాలు కారుతుంది, పచ్చి కర్రలో నీళ్ళెక్కువ. నేను తెచ్చిన మోపు చూసి గురువుగారు ఒక కర్ర తీసి చెంపకి ఆనించుకున్నారు. "సల్లగా తగుల్తంది బాబూ, లోన నీరుంది. కార్తీకం దాటనీ" అన్నారు. కార్తీకం దాటితే షష్టిపూర్తి దాటిపోద్ది. ఆయన ఆనించుకున్న చోటే నేనూ చెంపకి ఆనించుకుని చూశాను, నాకూ చల్లగానే తగిలింది, అయినా పని మొదలుపెట్టేశాను. ఇది దాచుకోవాల్సిన విషయం కాదు కాబట్టి చెప్తున్నా.

మొదటిసారి ఎలా చేశానంటే, 65 మిల్లీమీటర్ల లావు కర్రలు ఎనిమిది సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, రెండు వారాలు షెడ్డులో నీడన ఆరబెట్టి, తర్వాత ఒకే ఊపులో, అంటే గుండ్రం చేయడం, మూత కోసి వేరు చేయడం, లోపల తొలవడం, నోరు, మూత మెడ, అన్నీ ఒకేసారి కూర్చుని పూర్తి చేసేశాను. మెడ అంటే మూత కింద భరిణె నోట్లోకి దిగే భాగం, దాని బయటి కొలత భరిణె నోటి లోపలి కొలతకి సరిపోవాలి. నేను దాన్ని తొమ్మిది మిల్లీమీటర్ల పొడుగు పెట్టి, సందు 0.15 మిల్లీమీటర్ మాత్రమే వదిలాను. మూత లాగితే లోపలి గాలి పట్టి "టప్" అని చిన్న చప్పుడొచ్చేది. ఆ చప్పుడు కోసం లేత్ పని చేసేవాళ్ళందరం పడి చస్తాం, నాకు ఆ అరవైలో అరవైకీ వచ్చింది. తర్వాత లక్క వేసేటప్పుడు ఒక రోజు పసుపువి, ఒక రోజు ఎరుపువి, అలా రంగుల వారీగా మూతలు ఒక బుట్టలో, భరిణెలు ఇంకో బుట్టలో వేసి పని చేసుకున్నాం. ఆఖర్న ఏ మూత దేనికి పడితే దానికి పెట్టేశాం, అన్నీ ఒకే కొలత కదా, అన్నీ సరిపోయాయి కూడా.

వెనక్కొచ్చిన నలభై మూడూ బల్ల మీద పెట్టుకుని రెండు రోజులు ఇంకే పనీ చేయలేదు. మూత రానివి పంతొమ్మిది. మూత వదులైపోయి, బోర్లిస్తే జారిపడేవి ఎనిమిది. నెర్రె విచ్చినవి అయిదు. బాగున్నవి పదకొండు. నాకు ముందు అర్థం కానిది ఏంటంటే ఒకే కర్ర, ఒకే చేయి, ఒకే వారం, మరి కొన్ని బిగిసి కొన్ని వదులెందుకయ్యాయి అని.

రాని మూతల్లో ఒకదాన్ని గుడ్డతో పట్టి లాగకుండా మెల్లగా తిప్పుతూ పోయాను. పావు చుట్టు తిరిగేసరికి చేతికి వచ్చేసింది. ఇంకోటి తిప్పాను, అదీ అంతే, కొంచెం అటూ ఇటూ. పంతొమ్మిదిలో పదిహేను అలాగే వచ్చాయి. అప్పుడు సన్న కొలతలు తీసే వెర్నియర్ పెట్టి కొలిచాను. చేసినప్పుడు అడ్డంగా 52.0 మిల్లీమీటర్లు ఉన్న భరిణె ఇప్పుడు ఒక వైపు నుంచి కొలిస్తే 51.4, దానికి అడ్డంగా తిప్పి కొలిస్తే 50.9. అంటే గుండ్రంగా చేసింది కోలగా మారింది. అర మిల్లీమీటర్ తేడా కంటికి అసలు కనపడదు, కానీ నేను వదిలిన సందు 0.15. కోలగా మారిన మెడ పొడుగు వైపు, కోలగా మారిన నోటి ఇరుకు వైపుకి వచ్చి పడితే ఇంక ఎక్కడికి కదుల్తుంది.

ఇది ఎందుకవుతుందో తెలిసినవాళ్ళకి పాత సంగతే, తెలియనివాళ్ళకి చెప్తా. కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. పోగు వెంట, అంటే కర్ర పొడుగు వైపు, దాదాపు తగ్గదు. బెండు, అంటే మాను నట్టనడుమ ఉండే మెత్తటి భాగం, అక్కణ్ణుంచి బెరడు వైపుకి కొంత తగ్గుద్ది. ఆ బెండు చుట్టూ తిరిగే దిక్కులో సుమారు దానికి రెట్టింపు తగ్గుద్ది. అందుకని మానులో ఒక పక్క నుంచి తీసిన ముక్క గుండ్రంగా తిప్పితే అది ఆరాక కోల అవ్వాల్సిందే, మన చేతి నైపుణ్యంతో సంబంధం లేదు. ఇంక ఎంత ఆరుద్ది అనేది గాలిలో తేమని బట్టి. మా తీరం వైపు వానాకాలంలో గాలి తేమ ఎనభై శాతం ఉంటే కర్ర 16 శాతం చెమ్మ (పూర్తిగా ఆరిన కర్ర బరువుతో పోలిస్తే) దగ్గర ఆగిపోద్ది, ఇంక ఎన్ని నెలలు పెట్టినా అంతే. అదే హైదరాబాద్‌లో ఎండలు మొదలయ్యే రోజుల్లో మధ్యాహ్నం గాలి తేమ ముప్పై దరిదాపుల్లోకి దిగిపోద్ది, అపార్ట్‌మెంట్‌లో ఏసీ కూడా నడిస్తే గాలి ఇంకా పొడి, అక్కడ అదే కర్ర ఏడెనిమిది శాతానికి వచ్చేదాకా ఆరుతూనే ఉంటది. నేను షెడ్డులో పెట్టి "చూడు ఎంత బాగా పడిందో" అని మురిసిపోయిన మూత, ఆ గాలికి పడింది. ఆవిడ పూజగది గాలికి కాదు.

కొలతలు తీశాక ప్రతి భరిణె మీదా, ప్రతి మూత మీదా కోలలో పొడుగు దిక్కు ఎటుందో పెన్సిల్‌తో గీత గీశాను. ఆ గీతలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నా తప్పు మొత్తం బల్ల మీద పరిచినట్టుంది. ఒకే ముక్క నుంచి కోసిన మూత, భరిణె జతగా ఉండి, ఒకే దిక్కుకి ఉంటే, రెండూ ఒకేలా కోల అవుతాయి, అప్పుడు గొడవే లేదు. బాగున్న పదకొండు అలా అదృష్టం కొద్దీ జత కలిసినవి. మేం రెండు బుట్టల్లో వేసి కలిపేసినవి మాత్రం ఒక కర్ర మూత ఇంకో కర్ర భరిణెకి పోయింది, ఎక్కువ ఆరాల్సిన మూత తక్కువ ఆరే భరిణెకి పడితే వదులు, తిరగబడితే బిగుతు. ఆ రోజు సాయంత్రం కుర్రాడికి చూపిస్తే వాడు మొహం చిన్నబుచ్చుకుని "అన్నా, నేనే కలిపేశాను" అన్నాడు. రెండు బుట్టలు పెట్టమని చెప్పింది నేను, వాడిదేం లేదు, అదే చెప్పాను వాడికి.

నెర్రెలిచ్చిన అయిదింటి సంగతి వేరు, నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది అవే. వాటిని కొలిస్తే చక్కగా గుండ్రంగానే ఉన్నాయి. అడుగున చూస్తే అయిదింటికీ సరిగ్గా నట్టనడుమ బెండు చుక్క. సన్న కొమ్మలు, ముక్క మొత్తం వాడేశాం. బెండు మధ్యలో ఉంటే అన్ని వైపులా సమానంగా లాగుద్ది కాబట్టి ఆకారం మారదు, కానీ చుట్టూ ఉన్న కర్ర కుంచించుకోవాలంటే చోటు లేదు, ఆ లాగుడంతా ఎక్కడో ఒకచోట తెగి బయటపడాలి. అంటే బెండు ఉంటే నెర్రె, బెండు లేకపోతే కోల. రెండూ వద్దనుకుంటే కర్ర ముందే ఆరి ఉండాలి.

రెండోసారి

అక్కకి ఫోన్ చేసి "అరవై మళ్ళీ చేసిస్తాను, కానీ మూడు నెలలు టైమివ్వాలి" అన్నాను. "ఫంక్షన్ అయిపోయింది కదా, ఇంక తొందరేముంది, నీ వీలు చూసుకో" అన్నారు. ఆ మాట నాకు చాలా పెద్ద సాయం.

కర్ర ఫిబ్రవరి చివర్లో, చెట్టు ఆకు రాల్చి ఉన్నప్పుడు కొట్టింది తీసుకున్నాను. ఈసారి సన్న కొమ్మలు కాదు, పద్దెనిమిది ఇరవై సెంటీమీటర్ల మానులు తీసుకుని నిలువునా చీల్పించి, బెండు ఉన్న నడిమి పట్టీ తీసి పక్కన పడేశాం. కోసిన కొసలకి ఆ సాయంత్రమే కొవ్వొత్తి మైనం కరిగించి పూశాం, ఎందుకంటే కర్ర కొసల నుంచి పోయే నీరు పక్కల నుంచి పోయేదానికి ఎన్నో రెట్లు, కొస ముందు ఆరిపోయి లోపల పచ్చిగా ఉంటే కొసే పగుల్తుంది. బెరడు కూడా తీసేయించాను, బెరడుతో ఉంచేస్తే తెల్ల కర్రలో బూడిద రంగు చారలు పాకుతాయి, ఆ మచ్చ పసుపు లక్క కింద నుంచి కూడా కనపడుతుంది.

చెమ్మ కొలిచే మీటర్ నా దగ్గర లేదు, వంటింటి డిజిటల్ కాటా ఉంది. ఒక నమూనా ముక్క కోసి తూచాను, 142 గ్రాములు. దాన్ని ఓవెన్లో 103 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా తీసి తూస్తూ పోతే 116 దగ్గర నిలబడింది. తేడా 26, దాన్ని 116తో భాగిస్తే 22 శాతం పైచిలుకు. ఈ లెక్క తెలిస్తే ఇంక మీటర్తో పని లేదు, ఎందుకంటే పక్కనే అదే కర్ర నుంచి కోసిన, అదే 142 గ్రాముల ఇంకో ముక్క పెట్టుకుని, అది 127 గ్రాములకి దిగిన రోజు చెమ్మ తొమ్మిదిన్నర శాతం అని చెప్పేయొచ్చు.

తర్వాత ముతక తిప్పుడు. మొదటిసారి నేను వదిలేసిన అంకం ఇదే. కర్ర ఇంకా పూర్తిగా ఆరకముందే భరిణె ఆకారానికి దగ్గరగా తిప్పి, వ్యాసంలో అయిదు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి, మూత కోసి, లోపల కూడా తొలిచేసి, అలా వదిలేయాలి. గోడ సన్నబడ్డాక నీరు త్వరగా పోద్ది, కోల అయ్యేది ఏదో ఇప్పుడే అయిపోద్ది, ఆ తర్వాత మళ్ళీ లేత్ ఎక్కించి గుండ్రం చేస్తే అది నిలబడుద్ది. కోసిన వెంటనే మూత మీదా భరిణె మీదా ఒకే నంబర్, పక్కన ఒక గీత, జత చెడకుండా రబ్బర్ బ్యాండ్. 1 నుంచి 66 దాకా. న్యూస్ పేపర్లో చుట్టి అట్టపెట్టెల్లో పెట్టాం, మొదటి వారం పొట్టు కూడా నింపాం మరీ తొందరగా ఆరిపోకుండా. ప్రతి ఆదివారం నమూనా ముక్క తూచేవాణ్ణి. ఏడు వారాలకి 132 గ్రాముల దగ్గర ఆగిపోయింది, అంటే 14 శాతం. మా ఊరి గాలికి అదే ఆఖరు.

కానీ ఇవి మా ఊళ్ళో ఉండేవి కాదు కదా. అందుకని ఒక చెక్క పెట్టెకి పైనా కిందా చిల్లులు పెట్టి, అడుగున 40 వాట్ల పాత బల్బు వెలిగించి, పైన తీగ జల్లెడ మీద భరిణెలు పేర్చి ఇంకో పన్నెండు రోజులు ఉంచాం. 127కి దిగింది. కర్ర చెమ్మ హైదరాబాద్ ఎండాకాలానికి ఏడు, వానాకాలానికి పన్నెండు పదమూడు శాతం అనుకుంటే, రెండిటికీ నడుమ ఉండేలా తొమ్మిదిన్నర దగ్గర ఆపాను. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. వస్తువు ఏ ఊరు పోతుందో అడిగి తెలుసుకోవడం కూడా మన పనిలో భాగమే. రంగు అడుగుతాం, సైజు అడుగుతాం, ఊరి గాలి సంగతి మాత్రం ఎవరం అడగం.

రెండో తిప్పుడులో మార్చినవి కొన్ని. ముందు భరిణె నోరు పూర్తి చేసి, తర్వాత మూత మెడ దానికి తగ్గట్టు తగ్గించుకుంటూ వచ్చాను, లోపలి కొలత సవరించడం కన్నా బయటి కొలత సవరించడం వంద రెట్లు తేలిక, మూత లేత్ మీద ఉండగానే భరిణె తెచ్చి పెట్టి చూసుకోవచ్చు. మెడ తొమ్మిది నుంచి నాలుగు మిల్లీమీటర్లకి తగ్గించాను, సందు 0.4 వదిలాను, మెడ అంచు ఉలి కొసతో కొంచెం గుండ్రం చేశాను. "టప్" చప్పుడు పోయింది. పోనీ. కుంకుమ భరిణె పొద్దున్నే స్నానం చేసి వచ్చి తడి చేత్తో తీసుకునే వస్తువు, ఎక్కువగా పెద్దవాళ్ళు తీస్తారు, దానికి గాలి పట్టే బిగుతు ఎందుకసలు. ఇది నాకు కోసుకున్న వేలు ఫోటో చూసేదాకా తట్టలేదు, ఆ ఫోటో ఇప్పటికీ ఫోన్లో ఉంది.

లక్క వేయడంలోనూ పద్ధతి మార్చాం. ఇప్పుడు మూత భరిణెకి పెట్టి, రెండూ కలిపి లేత్ ఎక్కించి, ఒకేసారి లక్క వేస్తాం. తెలియనివాళ్ళకి, లక్కని వేడి మీద మెత్తబరిచి, లాగి మడిచి లాగి మడిచి రంగు కలిపి కడ్డీలుగా చేసుకుంటాం, ఆ కడ్డీ తిరిగే కర్రకి ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, దాని మీద మొగలి ఆకు మడిచి నొక్కితే సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. కలిపి వేస్తే ఒక చిక్కుంది, మూతకీ భరిణెకీ మధ్య గీతలో లక్క దిగి రెండిటినీ అతికేస్తుంది. మొదటి మూడూ అలాగే అతుక్కుపోయాయి, లాగితే అంచున లక్క పెచ్చులూడింది. పరిష్కారం ఏంటంటే లక్క ఇంకా గోరువెచ్చగా ఉండగానే లేత్ తిరుగుతుండగా స్క్యూ ఉలి (ఏటవాలు అంచున్న ఉలి) మొనతో ఆ గీత మీద వెంట్రుకంత గాడి గీయాలి. చల్లారితే లక్క గాజులా ఉంటుంది, గీస్తే పగుల్తుంది. ఇంకో సంగతి, మొగలి ఆకు మరీ గట్టిగా నొక్కకూడదు, ఆ వేడికి పల్చటి అంచుల్లో వెంట్రుక పగుళ్ళు వస్తాయి, ఎక్కువ ఆరిన కర్రకి ఇంకా తొందరగా వస్తాయి. అలా రెండు పోయాయి. 66లో మిగిలినవి 61.

లోపల కూడా ఈసారి పల్చగా లక్క వేశాం. బయట మాత్రమే వేసి లోపల వట్టి కర్ర వదిలేస్తే చెమ్మ ఒక వైపు నుంచే ఎక్కి దిగుతూ ఉంటుంది. లక్క చెమ్మని ఆపదు, నిదానం చేస్తుంది, రెండు వైపులా నిదానం చేస్తే మేలు.

ఆఖరిది బొట్టు. ఎంత ఆరబెట్టినా కొంచెం కోల అవ్వడం మానదు కాబట్టి మూత ఏ దిక్కుకి పెట్టాలో వాడేవాళ్ళకి తెలియాలి. నంబరు పక్కన గీసిన గీత లక్క కింద కప్పబడిపోద్ది. అందుకని ఆ గీత ఉన్న చోటే, మూత అంచున ఒకటి, దానికి ఎదురుగా భరిణె మీద ఒకటి, ఎర్ర లక్కతో కందిగింజంత చుక్క పెట్టాం. "అక్కా, బొట్టుకి బొట్టు ఎదురుగా పెట్టి మూయండి, ఎప్పుడూ బిగుసుకోదు" అని చెప్తే ఆవిడకి ఎంత నచ్చిందో. అందరికీ అలాగే చెప్పి ఇచ్చారట. కొలత తప్పకుండా ఉండడానికి పెట్టిన గుర్తు భరిణెకి అందం అయిపోయింది.

ఈ గొడవంతా మూత ఉన్న వస్తువులకే. బొంగరాలు, గిలక్కాయల పిడులు, అప్పడాల కర్రలు కొంచెం పచ్చిగా ఉన్నా నేను తిప్పేస్తాను, అర మిల్లీమీటర్ కోల అయితే బొంగరానికి ఏమీ కాదు, అప్పడాల కర్ర పొడుగు తగ్గదు. దేనికైనా ఇంకోటి అమరాలి అన్నప్పుడే కాటా బయటికి తీస్తాను.

అరవై మే నెలాఖరుకి పంపాను, ఒకటి గురువుగారికి ఇచ్చాను. ఆయన మూత తీయలేదు, ముందు చెంపకి ఆనించుకున్నారు. "ఊఁ, ఎచ్చగుంది" అన్నారు.

ఆ ఆగస్టులో వానలప్పుడు, మళ్ళీ మార్చిలో ఎండలు ముదిరాక, రెండుసార్లు అక్కకి ఫోన్ చేసి అందరినీ కనుక్కోమన్నాను. నెర్రెలు ఒక్కటీ లేవు, వదులైనవి లేవు. ఆగస్టులో బిగుసుకుంది ఒక్కటి, 23వ నంబరు. తెప్పించి చూస్తే బొట్లు ఎదురెదురుగానే ఉన్నాయి, కోల కూడా పెద్దగా లేదు, మెడ మాత్రం అయిదున్నర మిల్లీమీటర్లు ఉంది, అంచు గుండ్రం చేయడం మర్చిపోయాను. నాలుగుకి తగ్గించి, అంచు గుండ్రం చేసి, లక్క మళ్ళీ వేసి పంపేశాను.

ఇప్పుడు షెడ్డులో నూట ఎనిమిది భరిణెల ఆర్డర్ ఉంది, విజయవాడకి. ముతక తిప్పుడు అయిపోయింది, మొన్న ఆదివారం తూస్తే నమూనా ముక్క ఇంకా తగ్గుతూనే ఉంది.